ఇద్దరు అప్పలస్వాములు, ఒకే శిలాఫలకం

ఇందులో ఉన్న సంగతంతా నేను ముందు ఉత్తరాలుగా రాశాను. మా తెలుగు సంఘం కార్యదర్శికి రాశాను, అధ్యక్షుడికి రాశాను, భవన కమిటీకి రాశాను. మొత్తం పదకొండు. ప్రతిదానికీ నకలు నా బీరువాలో ఉంది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఒకసారి మాత్రం కార్యదర్శి సెక్టర్ 6 మార్కెట్లో ఎదురుపడి, "ఆప్‌కా లెటర్ మిలా అంకుల్, దేఖ్‌తే హై" అన్నాడు. చూస్తామన్న ఆ మాటకి రెండేళ్ళు నిండాయి. లైబ్రరీ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం వేస్తున్న పుస్తకానికి మీ అనుభవాలు రాసివ్వండని పాత మిత్రులు అడిగితే అందుకే వెంటనే ఒప్పుకున్నాను. ఉత్తరం విప్పని వాళ్ళు అచ్చయినదైనా చదువుతారేమో చూద్దాం.

నేను భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో ముప్ఫై నాలుగేళ్ళు లైబ్రరీలో పనిచేశాను. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. నాకు రావలసినవి ఎవరికి వెళ్ళాయో రాయడం మొదలుపెడితే ఈ పుస్తకంలో మిగతా వాళ్ళకి చోటుండదు. రిటైరైన రోజు సంగతి మాత్రం చెప్పాలి. వీడ్కోలు సభలో పెద్ద ఆఫీసరు నా గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు. స్టోర్స్ విభాగంలో నేను చేసిన సేవ మరువలేనిదన్నాడు. నేను స్టోర్స్‌లో ఒక్క రోజు కూడా పనిచెయ్యలేదు. ఆ నెలే రిటైరవుతున్న ఇంకో సత్యనారాయణ స్టోర్స్ మనిషి, ఆయన కాగితం నా ఫైల్లోకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "పోనీ ఆయన సభలో మీ గురించి చెప్పుంటారు, కనుక్కోండి" అంది. కనుక్కున్నాను. అక్కడ కూడా ఆయన గురించే చెప్పారట.

చచ్చిపోయాక గెలిచిన రాజు

కొత్తగా వచ్చేవాళ్ళకి మొదట చెప్పవలసిన సంగతి ఇది. పుస్తకాలు సర్దడం మన పని అనుకుంటారు. అది సగమే. ఒకే పేరున్న మనుషుల్ని విడదీసి, ఎవరి పని వాళ్ళకి అప్పజెప్పడం మిగతా సగం. చరిత్ర నిండా ఒకే పేరున్న వాళ్ళే. ఒకే పేరుతో ఇద్దరు రాజులుంటారు, ముగ్గురు కవులుంటారు, ఇద్దరు సంస్కర్తలుంటారు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం రాజులకీ అలవాటే, మా శ్రీకాకుళం, విజయనగరం ఖలాసీలకీ అలవాటే.

నేను చేరిన మొదటి ఏడాది ఒక రాజు మీద పుస్తకాలూ, ఆయన పేరే పెట్టుకున్న మనవడి మీద పుస్తకాలూ ఒకే క్యాటలాగు కార్డు మీద ఎక్కించేశాను. పరీక్షకి చదువుకుంటున్న ఒక క్రేన్ ఆపరేటరు రెండు పుస్తకాలూ పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఛత్తీస్‌గఢ్ మనిషి, చాలా మర్యాదస్తుడు. "భయ్యా, యే రాజా మర్‌నే కే బాద్ లడాయీ కైసే జీతా?" అని అడిగాడు. చచ్చిపోయాక యుద్ధం ఎలా గెలిచాడని. చదువుకుంటున్న వాళ్ళందరూ నవ్వారు.

అప్పటి మా చీఫ్ లైబ్రేరియన్ ఘోషాల్ సాబ్ నవ్వలేదు. ఆ వారమంతా నన్ను రీడింగ్ హాలు మధ్యలో, అందరికీ కనిపించేలా కూర్చోబెట్టి రాజుల కార్డులన్నీ తిరిగి రాయించారు. గదిలో కూర్చోబెట్టి కూడా రాయించవచ్చు. ఆ సంగతి ఆయన రిటైరయ్యేదాకా ఆయనకి గుర్తుచేస్తూనే ఉన్నాను. అయినా పని నేర్పింది ఆయనే. "పేరు కలిసింది, ఊరు కలిసింది, కాలం కలిసింది, సరే. తండ్రి పేరు చూశావా?" అనేవారు తన బెంగాలీ యాస హిందీలో. "కలిసినవి చూసి సంతోషపడిపోకు. కలవనిది ఎక్కడుందో వెతుకు."

అంత చక్కగా నేర్చుకున్న పాఠాన్ని, పదేళ్ళ అనుభవం వచ్చాక, కావలసిన చోట మరిచిపోయాను.

నేను రాసిన జీవితం

దన్నాన అప్పలస్వామి గారి పేరు భిలాయి తెలుగువాళ్ళలో వినని వాళ్ళు తక్కువ. ప్లాంట్ కట్టుబడి రోజుల్లో చీపురుపల్లి వైపు నుంచి ఖలాసీగా వచ్చాడు. ఇనుప దూలాలు పైకెత్తి బిగించే పనిని ఇక్కడ ఖలాసీ పని అంటారు. తర్వాత కార్మికుల పెద్ద అయ్యాడు. స్కూల్లో తెలుగు సెక్షన్ పెట్టించింది ఆయనే. నేను చదువుకున్నది ఆ సెక్షన్‌లోనే.

ఆయన ముసలితనంలో రోజూ మా లైబ్రరీకి వచ్చేవాడు. "సత్యనారాయనా, కళ్ళజోడు మర్సిపోనాను, కూసింత సదివి పెట్టు" అనేవాడు. నేను సంపాదకీయం చదివి వినిపించేవాణ్ణి. మర్నాడు వచ్చి అదంతా మాట పొల్లుపోకుండా అప్పజెప్పి, "ఆడు రాసింది తప్పు" అని వాదించేవాడు. మతిమరుపు మనిషనుకున్నాను. సంపాదకీయం మొత్తం గుర్తుండే మనిషి కళ్ళజోడు ఒక్కటే రోజూ ఎలా మరిచిపోతాడని నాకు తట్టలేదు.

ఆయన పోయిన ఏడాదికి సంఘం సంచిక వేసింది. ఆయన జీవితం నన్నే రాయమన్నారు. లైబ్రరీలో ఒక పాత ట్రంకు పెట్టె ఉండేది. దాన్లో క్యాంప్ 1 అనే కార్మికుల వాడలో రాసిన ఒక గళ్ళ నోటుపుస్తకం దొరికింది. కట్టుబడి రోజుల్లో అక్కడ రేకుల షెడ్డు కింద ఆదివారం ఆదివారం ఒకాయన తెలుగు పత్రికలు చదివి వినిపించేవాడు. ఏ వారం ఏం చదివాడో, ఎవరెవరు వచ్చారో గుండ్రని అక్షరాలతో రాసి, కింద సంతకం: దన్నాన అప్పలస్వామి. పక్కన రాసిన ఊరు కూడా మన అప్పలస్వామి గారిదే. నాకు పండగైపోయింది. మన ఊళ్ళో మొదటి తెలుగు చదువరి, మొదటి తెలుగు నాయకుడు ఒక్కరే అని రాసేశాను. ఆరు పేజీలు. బాగా రాశానని అందరూ అన్నారు. అనవలసిన వాళ్ళు అనలేదు గాని, అది వేరే సంగతి.

రాసేటప్పుడు నా బల్ల మీద ఇంకో కాగితం ఉంది. తెలుగు సెక్షన్ కోసం కార్మికులు పెట్టుకున్న అర్జీ నకలు. అన్నిటికంటే పైన దన్నాన అప్పలస్వామి అనే పేరు, పక్కన బొటనవేలి ముద్ర.

అంత చక్కని చేతిరాత ఉన్న మనిషి వేలిముద్ర ఎందుకు వేశాడు? ఈ ప్రశ్న నాకు వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఖలాసీ పని కదా, ఆ రోజు చేతికి దెబ్బ తగిలి ఉంటుందనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, "గాయపడిన చేతితోనే అర్జీపై వేలిముద్ర వేసిన ధీరుడు" అని ఒక వాక్యం కూడా రాశాను. ఆయన కొడుకుకి చదివి వినిపిస్తే ఆయన నా మొహంలోకి చూసి కండువా సర్దుకున్నాడు. కన్నీళ్ళు ఆపుకుంటున్నాడనుకున్నాను.

పిల్లలూ, నా ఉద్యోగం మొత్తంలో పెద్ద తప్పు ఆ వాక్యం. రెండు కాగితాలు పొత్తు కుదరకపోతే వాటిని అలాగే పక్కపక్కన పెట్టి ఉంచండి. కుదర్చడానికి సొంతంగా కథ అల్లకండి. అల్లడం వచ్చినవాడికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

సగం, సగం

సంచిక వచ్చిన నాలుగైదేళ్ళకి ఒకావిడ లైబ్రరీకి వచ్చింది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. క్యాంప్ 1లో ఉంటుంది, పేరు సింహాచలం. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ సంచిక తువ్వాల్లో చుట్టుకుని తెచ్చింది.

"దీన్ని రాసినోరు ఎవులు?"

"నేనే అప్పా. కూర్చోండి."

"మా కోడలు సదివి ఇనిపించింది. బాగా రాసినావు తమ్ముడా. నాకొక్కటి సెప్పు, ఇది ఎవుల గురించి?"

"అప్పలస్వామి గారి గురించి."

"ఏ అప్పలసామి? రేకుల సెడ్డులో పేపర్లు సదివినోడు మా అయ్య. ఇస్కూలు తెచ్చినోడు మా చిన్నాన్న. ఇందల సగం మా అయ్య, సగం మా చిన్నాన్న. మా అయ్య నాకు ఏడేళ్ళప్పుడు పచ్చకామెర్లొచ్చి పోనాడు. నువ్వు ముసిలోణ్ణి సేసీసినావు."

నేనేం చెప్పానో రాయడానికి సిగ్గుగా ఉంది. "చిన్నప్పటి సంగతులు కదప్పా, మీకు సరిగ్గా గుర్తుండవు. నేను కాగితాలు చూసి రాశాను" అన్నాను.

ఆవిడ వాదించలేదు. "కాయితాలు నువ్వు సూసినావు. మా అయ్యని నాను సూసినాను" అంది. సంచిక మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని, కౌంటరు మీద రెండు జామపళ్ళు పెట్టి వెళ్ళిపోయింది. అవి నాకోసమే తెచ్చిందట.

నన్ను చిన్నచూపు చూసిన వాళ్ళందరి పేర్లూ నాకు గుర్తే. నేను చిన్నచూపు చూసిన మనుషుల లెక్క ఎప్పుడూ పెట్టుకోలేదు. ఆ రోజు మొదటి పేరు రాసుకున్నాను.

ఆదివారం పొద్దున్న

వారం రోజులు అర్జీ, నోటుపుస్తకం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఘోషాల్ సాబ్ అడిగే ప్రశ్న అప్పటికి గుర్తొచ్చింది. చీపురుపల్లి వైపు ఆ పల్లెలో తెలిసినవాళ్ళకి ఉత్తరం రాశాను. వాళ్ళు జవాబిచ్చారు, అదీ నాలుగు రోజుల్లో.

దన్నాన వాళ్ళింట్లో అన్నదమ్ములు ఇద్దరు, సూరన్న, రామన్న. ఇద్దరికీ మొదట మగపిల్లలే పుట్టారు. ఇద్దరూ తమ తండ్రి పేరే పెట్టుకున్నారు. పెద్దల పేరు నిలపడంలో వాటాలుండవు, ఎవరి హక్కు వాళ్ళదే. ఇంట్లో పెద్దప్పలసామి, చిన్నప్పలసామి అని పిలిచేవారు. ఇంటిపేరు ఒకటి, ఊరు ఒకటి, పని కూడా ఒకటి. వేరుగా ఉన్నది తండ్రి పేరొక్కటే, నేను చూడనిది కూడా అదొక్కటే.

జవాబు పట్టుకుని క్యాంప్ 1 వెళ్ళాను. సందులో సైకిలు పట్టదు, నడిపించుకుంటూ వెళ్ళాను. సింహాచలం అప్ప గుమ్మంలో చింతపండు ఈనెలు తీస్తోంది.

"తప్పు నాదే అప్పా" అన్నాను.

"ఎండన పడి వొచ్చినావా ఇది సెప్పడానికి? లోనికి రా, మంచినీళ్ళు తాగు."

ఆ రోజు ఆవిడ చెప్పినవన్నీ రాసుకున్నాను. పెద్దప్పలస్వామి సిమెంటు డబ్బా బోర్లించి కూర్చునేవాడట. ఏడేళ్ళ కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. గాలికి పేజీ ఎగరకుండా అంచు పట్టుకోవడం ఆ పిల్ల పని. అన్నిటికంటే ముందు వాన కబురు చదివేవాడు. ఏ ఊళ్ళో కురిసింది, ఏ ఊళ్ళో కురవలేదు. చదివి కాసేపు ఆగేవాడు. పెళ్ళాం పిల్లల్నీ, నాలుగు సెంట్ల చేనునీ అక్కడ వదిలి వచ్చిన మగవాళ్ళంతా ఎవరి ఊరి వాన వాళ్ళు లోపల లెక్క చూసుకునేవారు. ఆ తర్వాతే మిగతా వార్తలు.

"మీ చిన్నాన్న కూడా వచ్చేవాడా?"

"రాకేటి? అందరికన్నా ముందల కూకునీవోడు. చిన్నాన్నకి అచ్చరం ముక్క రాదు. ఒక్కసారి ఇంటే సాలు, మరి మర్సిపోడు."

"మరి నాతో రోజూ కళ్ళజోడు మర్చిపోయాననేవాడు?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓలమ్మా, నీకూ అదే సెప్పినాడా? కళ్ళజోడు ఎప్పుడుంది ఆయనకి!"

నవ్వు ఆగాక నెమ్మదిగా చెప్పింది. "మా అయ్య పోయినాక ఆ సెడ్డులో సదివీవోడు లేకపోనాడు. మూడు ఆదివారాలు అందరూ వొచ్చి ఊరికే కూకుని ఎల్లిపోనారు. నాలుగో ఆదివారం చిన్నాన్న లెగిసినాడు. మా అన్న ఒక్కడు పోతే మనందరం గుడ్డోలం అయిపోనాం, మన పిల్లలకి ఇలగ అవ్వకూడదు, ఇస్కూలు కావాల అన్నాడు. ఆ కాయితం మీద ఏలు ముద్దర అలగ ఏసిందే."

వృత్తిలో ఇంతకంటే పెద్ద పాఠం నాకు ఇంకొకటి దొరకలేదు. ఇద్దరు మంచి మనుషుల్ని కలిపేస్తే ఒక మహానుభావుడు తయారవుతాడనుకున్నాను. తయారవలేదు. చదివి వినిపించి చిన్న వయసులో పోయినవాడూ మాయమయ్యాడు, అక్షరం రాకపోయినా మా అందరికీ అక్షరాలు తెచ్చిపెట్టినవాడూ మాయమయ్యాడు. ఆ రెండో మనిషికి నేనే రోజూ పేపరు చదివి వినిపించాను. అన్న పోయిన చోట నన్ను కూర్చోబెట్టుకున్నాడని తెలియకుండానే చదివాను.

"మీరే రాశారు కదా"

లైబ్రరీలో ఇద్దరికీ వేరు వేరు కార్డులు రాశాను, తండ్రుల పేర్లతో సహా. నేను రిటైరయ్యాక క్యాటలాగు కంప్యూటర్లోకి ఎక్కించారు. పేరు ఒకటే కనుక రెండూ కలిపేశారు. చెప్పడానికి వెళ్తే కౌంటర్లో అమ్మాయి, "సర్, డూప్లికేట్ థా, హటా దియా" అంది మర్యాదగానే. తీసేసిన ఆ డూప్లికేటు ఒక మనిషి.

సంఘం భవనం ఇప్పుడు బాగు చేయిస్తున్నారు. గుమ్మంలో నల్లరాతి ఫలకం పెడతారు. దాని మీద చెక్కబోయేది నా సంచికలో రాసిన మాటలే: మొదటి చదువరి, మొదటి నాయకుడు, దన్నాన అప్పలస్వామి. కార్యదర్శి రవి చిన్నప్పలస్వామి గారి మనవడు. మంచివాడు, కనపడితే వంగి కాళ్ళకి దణ్ణం పెడతాడు. ఉత్తరాలకి మాత్రం జవాబివ్వడు. నేనే వెళ్ళాను. హాల్లో టైల్స్ పరుస్తున్నారు.

"అంకుల్, ఆప్‌నే హీ తో లిఖా థా. మీరే రాశారు కదా. ఒక్క వర్డ్ కూడా చేంజ్ చెయ్యలేదు."

"అదే తప్పు బాబూ. నేను తప్పు రాశాను. ఇద్దరు మనుషులు."

"ఇప్పుడు నేను దాదాజీ అంగూఠా ఛాప్ అని పత్థర్ మీద రాయించాలా?"

చదువు రాని వాణ్ణి ఇక్కడ అంగూఠా ఛాప్ అని వెక్కిరిస్తారు. ఆ మాట అంటున్నప్పుడు రవి గొంతు తగ్గింది. అతని తండ్రి ఆ రోజు కండువా ఎందుకు సర్దుకున్నాడో నాకు అప్పుడర్థమైంది.

"అది రాయించమనలేదు. పెద్ద అప్పలస్వామి, తండ్రి సూరన్న, చదివి వినిపించారు. చిన్న అప్పలస్వామి, తండ్రి రామన్న, బడి తెచ్చారు. ఇంతే."

"ఏక్ హీ నామ్ దో బార్? లోగ్ సోచేంగే గల్తీ సే ఛప్ గయా."

ఒకే పేరు రెండుసార్లు ఉంటే జనం పొరపాటున పడిందనుకుంటారట. నాకు కోపం వచ్చింది. కోపంలో ఒక మాట అన్నాను, దానికి చింతించను. "మీ తాత వేలిముద్ర వెయ్యకపోతే నీకు ఇన్ని ఉత్తరాలు రాయడం నాకు చేతనయ్యేది కాదు. నాకు చదువొచ్చింది ఆ ముద్ర వల్ల" అన్నాను. "కమిటీలో పెడతాను అంకుల్" అన్నాడు రవి. ఆ తర్వాత మూడు మీటింగులు జరిగాయి. నా విషయం ఏ మీటింగులోనూ రాలేదని నాకు తెలుసు, ఎజెండా కాగితాలు మూడూ తెప్పించుకున్నాను.

ఇక సంఘానికి

సింహాచలం అప్పకి డెబ్బై అయిదు దాటాయి. చూపు తగ్గింది. వాళ్ళ అయ్యకి ఒక్క ఫొటో కూడా లేదు. హాల్లో ఉన్న ఫొటో చిన్నప్పలస్వామి గారిది. దాన్ని తీసేయమని ఆవిడ ఎన్నడూ అనలేదు. "ఆయన మొకంల మా అయ్య పోలికుంది తమ్ముడా. నాను ఆ ఫొటో సూడ్డానికే ఆ హాలుకి ఎల్తాను" అంటుంది. ఏం కావాలని అడిగితే ఒకటే మాట. "పెద్ద రాతలేటీ ఒద్దు. ఇద్దరున్నారని సెక్కితే సాలు."

ఫలకం రాయి పక్క ఊరు దుర్గ్‌లో శిల్పి దగ్గరికి చేరిందని విన్నాను. చెక్కడం మొదలవలేదట, అదీ విన్నాను. నోటుపుస్తకం, అర్జీ నకలు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, చూడదలచిన వాళ్ళకి చూపిస్తాను. నా ఆరు పేజీల్లో సగం తప్పని సంతకం పెట్టి ఇస్తాను. ఎగతాళి చేసేవాళ్ళు నన్ను చెయ్యవచ్చు, అలవాటే.

రవీ, అధ్యక్షులవారూ, కమిటీ సభ్యులూ, ఇద్దరి పేర్లూ చెక్కుతారా, చెక్కరా? ఔనో కాదో ఒక్క మాట చెప్పండి. నాకు చెప్పనక్కర్లేదు. నాకు జవాబు లేకుండా బతకడం వచ్చు. సింహాచలం అప్పకి చెప్పండి. ఆవిడకి చదవడం రాదు కనుక ఉత్తరం పనికిరాదు. మీలో ఒకరు క్యాంప్ 1 దాకా వెళ్ళి, ఆవిడ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. ఎవరు వెళ్తున్నారు?